శాన్ గాబ్రియెల్ కొండల్లో జింక వేటకు డబ్బు కట్టేముందు ఇది చదవండి

"డీ-11 జోన్‌లో (ఈ కొండలుండే జింక వేట ప్రాంతం) గైడెడ్ డీర్ హంట్, ప్రైవేట్ స్పాట్" అని లాస్ ఏంజెలెస్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ప్రకటన మీరూ చూసే ఉంటారు. ఆ ప్రకటన ఇచ్చిన గైడ్‌కి డబ్బు పంపకండి. నా 900 డాలర్లు పోయాయి.

ప్రైవేటూ లేదు, పాడూ లేదు. తీసుకెళ్ళింది ఏంజెలెస్ నేషనల్ ఫారెస్ట్‌కి. లైసెన్స్, ట్యాగ్ (జింకను వేటాడే అనుమతి పత్రం) ఉంటే ఎవరైనా వేటాడుకోగలిగిన ప్రభుత్వ భూమి అది. ఎక్కువ భాగం దాదాపు కోటి మంది ఉండే లాస్ ఏంజెలెస్ కౌంటీలోనే ఉంది కాబట్టి శని, ఆదివారాల్లో ట్రైల్స్ నిండా జనమే.

చీకట్లోనే ఒక వాలు మీద కూర్చోబెట్టాడు. వెలుతురొచ్చాక చూస్తే కింద ట్రైల్, దాని అంచున క్యాబిన్ల కప్పులు. కాసేపటికి సరిగ్గా ఆ కప్పుల పైనున్న వాలు మీదికి కొమ్ములు చీలిన మగ జింక వచ్చింది. "కాల్చు తమ్ముడూ, కాల్చు" అని ఒకటే పోరు. "అన్నా, కింద మనుషులున్నారు, ఇళ్ళకు 150 గజాల లోపు కాల్చకూడదు" అని రైఫిల్ దించేశాను. "మీలాంటి వాళ్ళు ఫోటోల కోసం వస్తారు, వేటకు కాదు. నా టైం వేస్ట్ చేశావ్" అన్నాడు. అప్పుడే ఒకాయన చిన్న పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని ఆ ట్రైల్ మీద నడిపిస్తున్నాడు. "ఆ పిల్లాడికి తగిలితే?" అని అడిగాను. జవాబు లేదు. గైడ్ బ్యాగ్ భుజాన వేసుకుని దిగిపోయాడు.

సిగ్నల్ లేదు. నిటారు వాలు, ముళ్ళపొదలు, కాలు పెడితే జారే రాళ్ళు. నేను రోడ్డు చేరేసరికి ఆయన కారు లేదు. తూటాలు తీసేసి కేసులో పెట్టిన రైఫిల్‌తో ఉన్న నన్ను ఎవరో దంపతులు దయతలచి కొండ కింది ఊరు అజూసా దాకా దింపారు. వాళ్ళ రుణం తీర్చుకోలేను.

డబ్బు వెనక్కి అడిగితే "ఫీజు కొండ ఎక్కించినందుకు, జింకకు కాదు" అన్నాడు. గైడ్ లైసెన్స్ నంబర్ అడగగానే బ్లాక్ చేశాడు. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం తూటాలు నిషేధం. ఆయన నాకు ఇచ్చిన తూటాల డబ్బాలో ఉన్నవి అవే అని ఇంటికొచ్చి చూశాక తెలిసింది. వేట నియమాలు చూసే అధికారి, వార్డెన్‌కి నేను దొరికి ఉంటే?

డబ్బు తీసుకునే గైడ్‌కి రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇచ్చే లైసెన్స్, ఈ అడవిలో అయితే ఫారెస్ట్ సర్వీస్ పర్మిట్ కూడా ఉండాలి. రెండూ చూశాకే కట్టండి. నేను కాల్‌టిప్‌కి (ఆ శాఖ ఫిర్యాదుల లైన్) ఫిర్యాదు చేశాను. ఇంకెవరైనా ఈయనకు కట్టి ఉంటే స్క్రీన్‌షాట్లు పంపండి, కలిపి ఇద్దాం.