కుర్చీలు ఎన్నో చెప్పని టిక్కు

మా టెంట్ హౌస్‌లో టేబుల్ అంటే ఇనుప కాళ్ళ మడత బల్ల. అందుకే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో సమాచారం దాచుకునే టేబుల్‌ను నేను పట్టిక అనే అంటాను. లేకపోతే "టేబుల్‌లో ఒకటి తక్కువైంది" అన్నప్పుడల్లా మా ఆయన గోదాములోకి వెళ్ళి బల్లలు లెక్కపెట్టి వస్తారు. మహబూబ్‌నగర్‌లో పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు, వంట సామాను కిరాయికి ఇవ్వడం మా వ్యాపారం. సామాను ఆయనది, లెక్కలు నావి. రెండు పెళ్ళి సీజన్లుగా బుకింగులన్నీ యాక్సెస్‌లోనే రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ మొత్తం గురించి చెప్పే ఓపిక నాకు లేదు. దానిలో ఒక్క సౌకర్యం గురించే చెబుతాను. ఫారంలో, అంటే వివరాలు నింపే తెర మీద, ఒకే గడిలో ఎన్ని వస్తువులనైనా టిక్కు పెట్టి ఎంచుకోనిస్తుంది, దాని గురించి.

మన్యంకొండలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు ఎవరూ కుర్చీలు మాత్రమే అడగరు. షామియానా, కార్పెట్లు, బగోనాలు, గంటెలు, నీళ్ళ డ్రమ్ములు, గ్యాస్ పొయ్యిలు, ఎండాకాలమైతే కూలర్లు కూడా కావాలి. మొదట్లో నేను వీటన్నిటినీ ఒక మామూలు గడిలో కామాలు పెట్టుకుంటూ టైపు చేసేదాన్ని. ఒకరోజు "కుర్చీలు", ఒకరోజు "కుర్చి", కౌంటర్ దగ్గర జనం ఉంటే ఒట్టి "కు." అని. శ్రావణ మాసంలో ఒక శనివారం సాయంత్రం మా ఆయన "రేపు కుర్చీలు ఎవరెవరికి వెళ్ళాలి?" అన్నారు. వెతికితే రెండు పెళ్ళిళ్ళు కనిపించాయి. తెల్లవారాక చూస్తే నాలుగు. మిగతా రెండూ "కు." చాటున దాక్కున్నాయి. ఆ పూట జడ్చర్ల నుంచి వేరేవాళ్ళ కుర్చీలు కిరాయికి తెచ్చి పరువు నిలబెట్టుకున్నాం. అందులో కంప్యూటర్ తప్పేమీ లేదు, నా చేతిదే.

ఆ తరువాత ఈ టిక్కుల గడి సంగతి తెలిసింది. ఇది 2007 వెర్షన్ నుంచీ ఉంది. ముందు వస్తువులకు విడిగా ఒక పట్టిక చేసుకోవాలి. బుకింగ్ పట్టికలో కొత్త గడి చేర్చేటప్పుడు లుకప్ విజార్డ్‌ను ఎంచుకుంటే, జాబితా ఎక్కడి నుంచి తేవాలో అడిగి, చివర్లో ఒకటి కంటే ఎక్కువ విలువలు ఎంచుకోనివ్వాలా అని అడుగుతుంది. సరే అంటే చాలు. ఫారంలో బాణం గుర్తు నొక్కగానే వస్తువుల పేర్లు, పక్కన చిన్న చిన్న చతురస్రాలు దిగుతాయి. కావలసినవాటికి టిక్కులు పెట్టి ఓకే నొక్కితే పేర్లన్నీ కామాలతో వరుసగా కూర్చుంటాయి. స్పెల్లింగు గొడవ లేదు, ఒక్క ముక్క టైపు చేసే పనీ లేదు, కోడ్ అసలే లేదు. మామూలు గడిని ఇలా మార్చుకుంటే, ఒకసారి దాచాక వెనక్కి తిప్పలేరని ఒక హెచ్చరిక కూడా చూపిస్తుంది. నేను చదివాను. చదివి, అవునని నొక్కాను.

మా గోదాము చూసుకునే తాతకు కంప్యూటర్ అంటే గిట్టదు. లారీకి సామాను ఎక్కుతుంటే ఆయన గోదాము తలుపు మీద సుద్దముక్కతో గీతలు గీస్తారు, అయిదో గీత అడ్డంగా. ఆ తలుపు చూస్తే ఏ పెళ్ళికి ఏది పోయిందో ఆయనకు తప్ప దేవుడికి కూడా తెలియదు. ఆయన్ని పిలిచి తెర చూపించాను. కాసేపు కళ్ళు చికిలించి చూశారు.

"టిక్కులు బాగానే ఉన్నాయి బిడ్డా. కుర్చీలు ఎన్ని?"

నా దగ్గర జవాబు లేదు. ఫారం దగ్గర అసలే లేదు.

మరి నేనేం చేశాను? చెప్పడానికి సిగ్గుగానే ఉంది. వస్తువుల పట్టికలో "కుర్చీలు 50", "కుర్చీలు 100", "కుర్చీలు 200" అని మూడు పేర్లు చేర్చాను. రెండు వందల యాభై కావాలంటే రెండు టిక్కులు. ఎవరో రెండు వందల డెబ్బై అయిదు అడిగారు. "కుర్చీలు 25" పుట్టింది. నాలుగు వందలు అడిగినవాళ్ళు వచ్చాక తెలిసిందేమిటంటే, ఒకే పేరుకు రెండుసార్లు టిక్కు పెట్టలేం. జాబితా కొండచిలువలా పెరిగింది. బగోనాల దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేశాను.

దీని వెనుక సంగతి తరువాత అర్థమైంది. ఒక గడిలో ఒకే విలువ ఉండాలన్నది పాత నియమం. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో పట్టికల పద్ధతిని ప్రతిపాదించినప్పటి నుంచీ ఉన్నది. యాక్సెస్ కూడా దాన్ని మీరలేదు. మనకు ఒకే గడిలా చూపిస్తూ, లోపల కంటికి కనపడని ఇంకో పట్టిక పెట్టి, ఒక్కో టిక్కుకు ఒక్కో వరుస రాసుకుంటుంది. చిక్కేమిటంటే ఆ పట్టికను మనల్ని ముట్టుకోనివ్వదు. "ఎన్ని" అనే నిలువు వరుసను అక్కడ చేర్చుకోవడానికి వీల్లేదు. మా వ్యాపారమంతా ఆ "ఎన్ని" మీదే నడుస్తుంది.

లెక్కల దగ్గర ఇంకో ముచ్చట జరిగింది. గడి పేరు పక్కన చుక్క పెట్టి వాల్యూ అని రాస్తే, క్వెరీలో, అంటే పట్టికలను మనం అడిగే ప్రశ్నలో, ఒక్కో వస్తువు ఒక్కో వరుసగా విడిపోతుంది. "కూలర్లు తీసుకున్నవాళ్ళెవరు" అని వెతకడానికి ఇది భేషైన పద్ధతి. నేను అదే క్వెరీలో అడ్వాన్సుల మొత్తం కూడా లెక్కకట్టాను. అయిదు వేలు అడ్వాన్సు ఇచ్చి ఆరు రకాల సామాను తీసుకున్న మనిషి ఆరు వరుసలయ్యాడు, అతని అయిదు వేలు ముప్పై వేలయ్యాయి. మాఘ మాసం అడ్వాన్సుల మొత్తం చూసి మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పాపం, ఆ సంతోషం పది నిమిషాలే. అడ్వాన్సులను విడిగా కూడాలన్నది నాకు తట్టకపోవడం నా తప్పే, కానీ వరుసలు అలా పెరుగుతాయని ముందే తెలిసి ఉంటే బాగుండేది.

లిస్ట్ బాక్స్ అనే ఇంకో దారి కూడా ఉంది. జాబితా మొత్తం తెర మీదే పరుచుకుని ఉంటుంది. ఎక్కువ ఎంచుకోవడానికి అందులో రెండు రకాలున్నాయి. ఒకదానిలో నొక్కితే ఎంపిక, మళ్ళీ నొక్కితే రద్దు. రెండోదానిలో షిఫ్టు, కంట్రోల్ మీటలు పట్టుకుని నొక్కాలి. చూడటానికి ఇదే బాగుంటుంది. కానీ ఆ రెండు రకాల్లో ఏది పెట్టినా ఆ బాక్సు విలువ ఎప్పుడూ ఖాళీయే. ఎంచుకున్నవాటిని ఒక్కొక్కటిగా ఏరి పట్టికలో వేయడానికి మనమే కోడ్ రాయాలి. బీకాం చదివినదాన్ని, నావల్ల కాలేదు.

చివరికి ఒక రాత్రి కూర్చుని పాత పద్ధతికే వచ్చాను. బుకింగులకు ఒక పట్టిక, వస్తువులకు ఒక పట్టిక, మధ్యలో మూడోది. ఆ మూడోదానిలో బుకింగ్ నంబరు, వస్తువు, ఎన్ని ఇచ్చాం, ఎన్ని తిరిగి వచ్చాయి, ఇంతే. బుకింగ్ నంబరు, వస్తువు కలిపి కీ చేశాను కాబట్టి ఒకే పెళ్ళికి ఒకే వస్తువును రెండుసార్లు ఎక్కించబోతే ఒప్పుకోదు. టిక్కుల గడిని వెనక్కి తిప్పలేం కానీ, ఇందాక చెప్పిన చుక్క-వాల్యూ క్వెరీతోనే పాత వరుసలన్నిటినీ కొత్త పట్టికలోకి పంపించవచ్చు. నన్ను నవ్వులపాలు చేసిన క్వెరీయే గట్టున పడేసింది. ఫారంలో దీన్ని సబ్‌ఫారంగా పెట్టాను. పైన పెళ్ళివారి వివరాలు, కింద సామాను వరుసలు, అడుగున కొత్త వరుస కోసం నక్షత్రం గుర్తు. టిక్కులంత చకచకా సాగదు, ప్రతి వరుసలో వస్తువును ఎంచుకుని అంకె కొట్టాలి. అయినా మూడు వందల కుర్చీలు పోయి రెండు వందల తొంభై ఏడు వచ్చాయని అది చెబుతుంది. గంటెలు ఏ పెళ్ళి నుంచీ పూర్తిగా తిరిగి రావని ఇప్పుడు లెక్కతో సహా తెలిసింది.

టిక్కుల గడికి నేను అయిదుకు మూడు ఇస్తాను. చిన్న దుకాణానికి, ఉందా లేదా అని మాత్రమే తెలిస్తే చాలనుకునే పనికి, ఇంత సులువైనది నాకు ఇంకొకటి కనపడలేదు. తెలుగు పేర్లు ఇబ్బంది లేకుండా వస్తాయి. యాక్సెస్ విండోస్ మీద మాత్రమే నడుస్తుంది, దాని ఫైలు రెండు గిగాబైట్లు దాటకూడదు. మాకు ఆ రెండూ అడ్డు కాలేదు. రేపు ఎప్పుడైనా ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే పెద్ద డేటాబేస్‌కు మారాలనుకునేవాళ్ళు మాత్రం ఈ గడి జోలికి పోవద్దు, అక్కడ ఇలాంటిది లేదు.

నా ఫారంలో టిక్కుల గడి ఒకచోట ఇంకా మిగిలి ఉంది. సామాను వెంట ఏ కుర్రవాళ్ళు వెళ్ళారు అన్నచోట. మనుషులకు ఎన్ని అనే ప్రశ్న రాదు కదా అని ఉంచాను. పోయిన ఆదివారం ముగ్గురు దేవరకద్ర వెళ్ళారు. ఒకడు జ్వరమని మధ్యాహ్నమే బస్సెక్కి వచ్చేశాడట. కూలి ఇచ్చే రోజు మా ఆయన వచ్చి "సగం కూలి ఎవరికి?" అని అడిగారు. తెర మీద మూడు పేర్లు, మధ్యలో రెండు కామాలు. తాత తలుపు దగ్గరకు వెళ్ళి సుద్దగీతలు చూసి చెప్పారు.