సాయంత్రం నాలుగున్నర బ్యాచి: తిరుపతిలో చిన్న తరగతుల పిల్లల క్లబ్బులు ఎలా నడుస్తున్నాయి

కొర్లగుంట, బైరాగిపట్టెడ, బాలాజీ కాలనీ, పద్మావతీపురం. ఏ వీధిలోకి వెళ్లినా మేడ మీద ఒక ఫ్లెక్సీ కనిపిస్తుంది. అబాకస్, చెస్, కరాటే, డ్రాయింగ్, డ్యాన్స్, కోడింగ్. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు బడి విడిచాక గంట, గంటన్నర. ఇక్కడ వాటిని పేర్లవారీగా కాకుండా రకాలవారీగా చూస్తున్నాం. దానికి కారణం ఉంది. ఒకే బోర్డు కింద రెండు వీధుల్లో రెండు రకాల చదువు నడుస్తుంది. బ్యాచికి చెప్పే మనిషి మారితే క్లబ్బే మారిపోతుంది. కాబట్టి ఫ్లెక్సీ మీద ఏముందో వదిలేసి, గదిలో పిల్లవాడి చేతులు ఏం చేస్తున్నాయో చూడండి.

ముందు ఆకలి సంగతి. బడి విడిచేది నాలుగింటికి, బ్యాచి మొదలయ్యేది నాలుగున్నరకు. మధ్యాహ్నం తిన్నది ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. ఆ స్థితిలో ఏడేళ్ల బిడ్డకు లెక్కలు చెబితే మొదటి ఇరవై నిమిషాలు వృథా. మంచి క్లబ్బులో మొదటి పది నిమిషాలు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, నీళ్లు తాగడానికి, తెచ్చుకున్నది తినడానికి వదిలేస్తారు. ఉడకబెట్టిన చెనక్కాయలు, అరటిపండు, పల్లీ ఉండ చాలు. పల్లీ పడని పిల్లలుంటే చేరేటప్పుడే రాయించుకుని, ఆ బల్ల దగ్గర పల్లీ తినకుండా చూసే క్లబ్బు జాగ్రత్త తెలిసినది. చిప్సు పొట్లాలు అమ్మే కౌంటరు గదిలోనే ఉంటే అక్కడికి వెళ్లకపోవడమే మేలు.

ఊళ్లో ఎక్కువగా అమ్ముడుపోతున్నది అబాకస్. సరిగ్గా చెబితే పనికొచ్చే విద్యే, కానీ ఎక్కువగా చెడేదీ అదే. పిల్లల చేతికిచ్చే చట్రంలో ప్రతి కడ్డీకీ పైన ఒక పూస, కింద నాలుగు పూసలు ఉంటాయి. పై పూస విలువ 5, కింది పూస ఒక్కొక్కటి 1. కింది పూసల్ని పైకి తోయడానికి బొటనవేలు, కిందికి దించడానికి చూపుడువేలు. పై పూసకు రెండు వైపులా చూపుడువేలే. ఈ వేళ్ల అలవాటు మొదటి నెలలోనే కుదరాలి. ఒకే వేలితో అన్నీ తోసే పిల్లవాడికి తర్వాత వేగం రాదు, ఎందుకు రావడం లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు.

తర్వాతి మెట్టు ఐదు జత, అంటే కలిస్తే ఐదయ్యే అంకెలు, 4, 1 లాంటివి. 3కి 4 కలపాలి. కింద ఒక్క పూసే మిగిలి ఉంది. అందుకని 5 దించి 1 తీసేస్తారు, 7 వస్తుంది. ఆ తర్వాత పది జత, కలిస్తే పదయ్యే 8, 2 లాంటివి. 7కి 8 కలపాలంటే ఒకట్ల కడ్డీలో 2 తీసేసి, పదుల కడ్డీలో 1 పెడతారు, 15. ఇంతవరకు చాలామంది పిల్లలు వచ్చేస్తారు. అసలు చిక్కు రెండూ కలిసినచోట. 6కి 7 కలపాలి. పది జత ప్రకారం 3 తీయాలి, కానీ 6లో కింద ఉన్నది ఒక్క పూసే. అందుకని పై పూస తీసి కింద 2 పెడతారు, పదుల్లో 1 పెడతారు, 13. పిల్లలు ఆగిపోయేది ఈ మెట్టు మీదే. ఇక్కడ నాలుగైదు వారాలు ఓపిగ్గా కూర్చోబెట్టాల్సింది పోయి, పుస్తకం పూర్తి చేయాలన్న తొందరలో తర్వాతి లెవెల్‌కు పంపేస్తారు. ఆ తర్వాత చట్రం తీసేసి మనసులో పూసల్ని చూడమంటారు. వేళ్లకే పట్టుబడనిది మనసుకు కనబడదు. పిల్లవాడు బల్ల కింద వేళ్లు లెక్కబెట్టుకుంటూ జవాబు రాస్తాడు, జవాబు సరిగ్గా ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

పరీక్షించడం తేలిక. డెమో రోజున వెనక కూర్చుని, రెండో లెవెల్ దాటిన ఏ పిల్లనైనా చట్రం మీద 6కి 7 కలపమనండి. చెయ్యి ఆగకుండా కదిలితే ఆ క్లబ్బుకు డబ్బు కట్టొచ్చు. ఇంకొక మాట. అబాకస్‌లో ఎడమవైపు పెద్ద స్థానం నుంచి కలుపుతూ వస్తారు, బడిలో కుడివైపు ఒకట్ల నుంచి మొదలుపెడతారు. ఈ తేడా పిల్లలకు విప్పి చెప్పకపోతే రెండో తరగతి కూడికల్లో తప్పులు పెరుగుతాయి. ఇది చెప్పే క్లబ్బులు తక్కువ, మీరే అడగండి.

చెస్ క్లబ్బులు మొత్తం మీద మెరుగ్గా ఉన్నాయి. అందుకు ఖర్చూ తక్కువే, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక సెట్టు. తప్పు జరిగేది నేర్పే వరసలో. మొదటి రోజే ముప్పైరెండు కాయలూ పరిచేస్తే ఆరేళ్ల పిల్లకు ఏదీ గుర్తుండదు. కుడిచేతి వైపు మూల గడి తెల్లగా ఉండేలా పలక పెట్టడం, తర్వాత కేవలం బంట్లతో ఆట, ఎవరి బంటు ముందుగా అవతలి గట్టు చేరితే వాళ్లు గెలిచినట్టు. రెండు మూడు క్లాసులు ఇదే ఆడించి, ఆ తర్వాత ఏనుగు, గుర్రం ఒక్కొక్కటిగా చేర్చే టీచరు దొరికితే వదలకండి.

పిల్లల్ని పాడుచేసేది నాలుగు ఎత్తుల్లో మేట్ చేసే, అంటే ఎదుటి రాజుకు తప్పించుకునే దారి లేకుండా చేసి గెలిచే చిట్కా. రాణిని ముందే బయటికి తెచ్చి గెలవడం మరిగిన పిల్లవాడు, ఎదుటివాడికి ఆ చిట్కా తెలిసిన రోజున రాణిని పోగొట్టుకుని ఏడుస్తాడు. దాని బదులు రాజు, రాణి ఒకవైపు, ఒంటరి రాజు ఇంకోవైపు పెట్టి మేట్ చేయించాలి. చాలామంది చిన్నపిల్లలు ఇక్కడ ఎదుటి రాజుకు కదిలే గడి లేకుండా చేసి, చెక్ (రాజు మీద దాడి) కూడా ఇవ్వకుండా స్టేల్‌మేట్‌తో గెలిచే ఆటను డ్రా చేసుకుంటారు. ఆ తప్పు తెలిసేలా చేయించే క్లబ్బులో పిల్లలు నిజంగా ఎదుగుతారు. ముట్టుకున్న కాయనే కదపాలన్న నియమం మొదటి వారం నుంచే అమలవ్వాలి. మూడో తరగతి పిల్లల నుంచి ప్రతి ఆటా కాగితం మీద రాయించాలి. పలకకు ముగ్గురు చొప్పున కూర్చోబెట్టి, మూడోవాడి చేతికి ఫోన్లో యాప్ ఇచ్చే చోటికి పంపొద్దు.

డ్రాయింగ్ క్లబ్బుల తీరు బాధ కలిగిస్తుంది. కార్టూన్ బొమ్మ జెరాక్సు ఇచ్చి రంగులు నింపమంటారు, నెలాఖరుకు ఫైలు నిండుతుంది, పిల్లవాడికి చెట్టు గీయడం మాత్రం రాదు. దగ్గర్లో శ్రీకాళహస్తి ఉంది. వెదురు పుల్ల మొన చెక్కి, దానికి ఉన్ని చుట్టి దారంతో కట్టి, ఆ ఉన్నిని రంగులో ముంచి నొక్కుతూ గీసే కలంకారీ పుట్టిన నేల ఇది. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో గుడ్డను నానబెట్టి ఆరబెడితే గీత పాకిపోదు. పాత ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కొన్నాళ్లు ఊరబెట్టిన రసం ఆ గుడ్డ మీద తగలగానే నల్లగా తేలుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలవడమే దాని రహస్యం. నాలుగో తరగతి పిల్లలకు ఇది బొమ్మ పాఠం, సైన్సు పాఠం రెండూ. నెలకు ఒక్క తరగతి ఇలా చేయించే క్లబ్బుంటే ఊరంతా చెప్పుకోవాలి. మామూలు క్లబ్బులో కనీసం ఎదురుగా చెంబు, ఆకు, చెప్పు పెట్టి చూసి గీయిస్తున్నారా అని అడగండి.

సంగీతం, నృత్యం విషయంలో తిరుపతి అదృష్టవంతమైన ఊరు. టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఇక్కడే ఉంది, అక్కడ చదివినవాళ్లు ఊళ్లో చాలామంది పాఠాలు చెబుతున్నారు. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు (మొదటి స్వర పాఠాలు), ఆదితాళం ఎనిమిది అక్షరాలు చేత్తో వేస్తూ మూడు కాలాల్లో (మూడు వేగాల్లో) పాడించేవాళ్లు దొరుకుతారు. చూడాల్సింది శ్రుతి, అంటే పాడే స్వరం ఎత్తు. మగ గురువు తన శ్రుతిలోనే అందరితో పాడిస్తే చిన్నపిల్లల గొంతు అంత కిందికి దిగదు, గొణుగుడు మిగులుతుంది. నృత్యానికైతే నేల చూడండి. పలక రాయి మీద నున్నగా టైల్స్ పరిచిన గదిలో అడవులు (నృత్యంలో మొదట నేర్పే అడుగులు) తొక్కిస్తే మడమలు, మోకాళ్లు నొప్పెడతాయి. అరమండిలో (మోకాళ్లు వంచి సగం కూర్చునే భంగిమలో) మోకాళ్లు పాదాల దిశలోనే తెరుచుకోవాలి, లోపలికి వాలితే సరిదిద్దాలి. వార్షికోత్సవం కోసం రెండు నెలలు ఒకే పాట మీద ఊపించే చోట అడవులు ఆగిపోతాయి, దుస్తుల అద్దె మాత్రం వసూలవుతుంది.

కరాటే గురించి క్లుప్తంగా. బెల్టు రంగు పిల్లవాడి నైపుణ్యం కంటే ఫీజు రశీదుల సంఖ్యనే ఎక్కువగా చెప్పే చోట్లు ఉన్నాయి. చాపలు ఒకదానితో ఒకటి బిగిసి ఉండాలి, సందులుంటే కాలి వేళ్లు ఇరుక్కుంటాయి. ఈ వయసులో తలకు దెబ్బ తగిలే పోటీ వద్దే వద్దు. స్కేటింగ్‌లో మొదట రెండు వరసల నాలుగు చక్రాలవే వాడాలి, ఒకే వరస చక్రాలవి తర్వాత. హెల్మెట్, మోకాలు, మోచెయ్యి, మణికట్టు కవచాలు లేకుండా దింపకూడదు. ముందు నేర్పాల్సింది పడటం, మోకాళ్ల మీద ముందుకు. ఇసుక చల్లిన రోడ్డు మీద చక్రం టక్కున ఆగి పిల్ల ముందుకు పడుతుంది.

కోడింగ్, రోబోటిక్స్‌లో ఫీజు ఎక్కువ, చేతి పని తక్కువ. ఐదు నుంచి ఏడేళ్లవాళ్లకు స్క్రాచ్ జూనియర్, ఎనిమిది దాటితే స్క్రాచ్, రెండూ దిమ్మెలు పేర్చి కోడింగ్ నేర్చుకునే సాఫ్ట్‌వేర్లు, రెండూ ఉచితం. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఫీజు అని అడిగితే ఇవ్వక్కర్లేదు. రోబోటిక్స్‌లో సార్ బిగించిన బండిని రిమోట్‌తో నడపడం చదువు కాదు. ఎల్‌ఈడీ (చిన్న దీపం) పొడుగు కాలు పాజిటివ్ వైపు ఉండాలని, కరెంటును తగ్గించే రెసిస్టర్ లేకుండా 9 వోల్టుల బ్యాటరీకి నేరుగా పెడితే మాడిపోతుందని పిల్ల చేసి తెలుసుకోవాలి. ఆ చదరపు బ్యాటరీతోనే మోటార్లు కూడా నడిపిస్తే కరెంటు చాలక బండిని నడిపే సర్క్యూట్ బోర్డు మాటిమాటికీ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఎందుకో వివరించగల టీచరుంటేనే చేర్పించండి. లేదంటే ఆ డబ్బులో కొంత పెట్టి అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి నెలకోసారి తీసుకెళ్లడం మేలు, అక్కడ పిల్లలు చేత్తో తిప్పి, నొక్కి చూస్తారు.

ఫీజును తరగతికి ఎంత పడుతుందో లెక్కగట్టి చూడండి. ఉదాహరణకు నెలకు 1,200, వారానికి రెండు తరగతులంటే ఒక్కోటి 150. ఒక తరగతి పోతే అది 171 అవుతుంది. కిట్టు, లెవెల్ పరీక్ష, దుస్తులు, సర్టిఫికెట్ ఏడాదికి ఎంతో చేరే ముందే కాగితం మీద రాయించుకోండి. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామన్నా మొదట మూడు నెలలకే కట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఆరుబయట నడిచే స్కేటింగ్, కరాటే తరగతులు అప్పుడు ఎగిరిపోతాయి, వాటికి బదులు ఎప్పుడు పెడతారో ముందే అడగాలి. 2021 నవంబరులో ఊళ్లోకి నీళ్లు వచ్చిన సంగతి తెలిసిందే, సెల్లార్లో నడిచే క్లబ్బుకు ఆ నెలల్లో పంపొద్దు. బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడ సేవ రోజున, అలిపిరి వైపు బళ్లు కదలవు. ఆ రోజుల సెలవు ముందే చెప్పే క్లబ్బు ఊరిని ఎరిగినది.

బ్యాచికి ఒక టీచరుకు పదిమందికి మించితే చిన్నవాళ్ల చేతులు ఎవరూ చూడలేరు. ఒకటో తరగతి, ఐదో తరగతి పిల్లల్ని కలిపి కూర్చోబెడితే పదిమంది కూడా ఎక్కువే.

చివరగా బిడ్డను అప్పగించే తీరు చూడండి. ఎవరు తీసుకెళ్లొచ్చో పేర్లు, ఫోన్ నంబర్లు రిజిస్టరులో ఉండాలి, తీసుకెళ్లినవాళ్లు సంతకం పెట్టాలి. వేరే ఎవరైనా వస్తే అమ్మకో నాన్నకో ఫోన్ చేసి కనుక్కోకుండా పంపకూడదు. తరగతి అయిపోయాక కింద గేటు దగ్గర నిలబెడతాం, వచ్చి తీసుకెళ్లండి అనే చోట, పాఠం ఎంత బాగున్నా చేర్పించకండి.