ఇంక్‌స్కేప్ ట్రేస్ బిట్‌మ్యాప్: తెలుగు అక్షరాలకు ఎంతవరకు పనికొస్తుంది?

చేతిరాత టైటిళ్లు, పాత శుభలేఖల మీది వినాయకుడి బొమ్మలు, రబ్బరు స్టాంపు ముద్రలు, ముగ్గులు: కాగితం మీదున్న వీటిని స్కాన్ చేసి వెక్టర్‌గా, అంటే ఎంత పెంచినా అంచు చెదరని గీతల బొమ్మగా మార్చడానికి, ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ ప్రోగ్రాంలోని ట్రేస్ బిట్‌మ్యాప్‌ను 0.92 వెర్షన్ నుంచి 1.3 దాకా వాడుతూ వచ్చాను. ఒకే రంగు పనికి ఇది చాలు, డబ్బు పెట్టి ఇంకొకటి కొనక్కర్లేదు. రంగుల ఫొటోలకు మాత్రం వద్దు.

లోపల అసలు పని చేసేది పోట్రేస్. పీటర్ సెలింజర్ రాసిన ఉచిత ప్రోగ్రాం, 2001 నుంచి ఉంది. దానికి నలుపూ తెలుపూ తప్ప మూడో రంగు తెలీదు. నలుపు ఎక్కడ ఆగిందో ఆ అంచు వెంట వంపుగీత గీస్తుంది, అంతే. అందుకే ట్రేస్ పాడైందంటే ముందు స్కాన్‌ను చూడాలి.

స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), గ్రేస్కేల్‌లో, అంటే బూడిద ఛాయలతో చేయండి. బ్లాక్ అండ్ వైట్ మోడ్ పెడితే ఏది నలుపో ఏది తెలుపో స్కానరే తేల్చేస్తుంది, అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి, తర్వాత దిద్దుకునే వీలుండదు. ఆటో షార్ప్‌నెస్ తీసేయండి. సేవ్ చేసేది పీఎన్‌జీ లేదా టిఫ్‌గా. జేపెగ్ అయితే అక్షరం చుట్టూ మసక మచ్చలు పడతాయి, అవీ ట్రేస్ అవుతాయి. కాగితం పల్చగా ఉంటే వెనక పేజీ అచ్చు కనబడకుండా కింద నల్లకాగితం పెట్టండి. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన లోగో మీద కుస్తీ పట్టకుండా, డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి. ఆ తర్వాత గింప్‌లో (ఫొటోలు దిద్దే ఉచిత ప్రోగ్రాం) లెవెల్స్‌తో కాగితాన్ని పూర్తి తెలుపు చేసి, 1 నుంచి 1.5 పిక్సెళ్ల గాసియన్ బ్లర్‌తో కాస్త మసక చేస్తే కాగితం పీచు వల్ల వచ్చే గరుకు సర్దుకుంటుంది, గీతను పట్టి ఉంచే బిందువులు, అంటే నోడ్లు, బాగా తగ్గుతాయి.

ఇక ట్రేస్. బొమ్మను ఎంచుకుని షిఫ్ట్+ఆల్ట్+బి నొక్కి, సింగిల్ స్కాన్‌లో బ్రైట్‌నెస్ కటాఫ్ తీసుకోండి. ఏ ఛాయ దాకా నలుపుగా లెక్కపెట్టాలో చెప్పే థ్రెషోల్డ్ మొదట 0.450 ఉంటుంది. పెంచితే అక్షరం లావెక్కుతుంది, తలకట్టుకీ కింది అక్షరానికీ మధ్య సందు పూడిపోతుంది. తగ్గిస్తే సన్నటి ఒత్తులు తెగుతాయి. ఒకే అక్షరంలో సందూ ఒత్తూ రెండూ నిలిచే విలువ దొరికేదాకా 0.02 చొప్పున జరపండి.

మన లిపికి అసలు గండం స్పెకిల్స్ అనే సెట్టింగ్ దగ్గరుంది. దుమ్ము చుక్కలు పోవాలని దీన్ని పెంచుతారు. ఆ అంకె పిక్సెళ్లలో వైశాల్యం, అంతకన్నా చిన్న మచ్చ ఏదైనా పోతుంది. అరమిల్లీమీటరు చుక్క 600 డీపీఐలో సుమారు 110 పిక్సెళ్లు, 300లో 27, 200లో 12 మాత్రమే. 300 డీపీఐ స్కాన్‌కు స్పెకిల్స్ 30 పెట్టారనుకోండి, ‘థ’లో చుక్క మాయమై ‘ధ’ మిగులుతుంది. ‘కథ’ కాస్తా ‘కధ’ అయి కూర్చుంటుంది, ‘పాఠం’లో ‘ఠ’ చూడ్డానికి ‘ర’లా తయారవుతుంది. తెల్లటి చిన్న రంధ్రాలనూ ఇదే మింగేస్తుంది. 600 డీపీఐలో నేను 20 దాటను. మిగిలిన దుమ్మును గింప్‌లో చేత్తో తుడుస్తాను. ఎంత సమయం పట్టినా ఇది యంత్రానికి వదిలే పని కాదు, ఎందుకంటే దుమ్మేదో అక్షరంలో భాగమేదో దానికి తెలీదు.

మూలలను గుండ్రం చేసే స్మూత్ కార్నర్స్ 1.0 దగ్గర మొదలవుతుంది. 1.3కు చేరితే తలకట్టు కొస మొండిగా గుండ్రబడుతుంది, బ్రష్ రాతకు 0.8 బాగుంటుంది. నోడ్లను కలిపి తగ్గించే ఆప్టిమైజ్ 0.2 నుంచి 0.5 దాకా సరిపోతుంది.

ట్రేస్ అయ్యాక ఫలితం అసలు బొమ్మ మీదే కూర్చుంటుంది. ఏమీ జరగలేదనుకుని మళ్లీ మళ్లీ నొక్కితే ఒకదాని మీద ఒకటి నాలుగు కాపీలు చేరతాయి, స్టిక్కర్లు కోసే యంత్రం (వినైల్ ప్లాటర్) నాలుగుసార్లూ కోస్తుంది. పై పొరను పక్కకు జరిపి, కింద బొమ్మను తీసేయండి. నోడ్లు తగ్గించడానికి కంట్రోల్+ఎల్ వాడితే ఒక్కసారే నొక్కండి. వెంటవెంటనే నొక్కితే దాని బలం పెరుగుతూ పోతుంది. పైగా ఆ బలం ఎంచుకున్న మొత్తం సైజును బట్టి ఉంటుంది కాబట్టి, పేజీ అంతా ఎంచుకుని నొక్కితే పెద్ద అక్షరాలు బాగానే ఉంటాయి గానీ చిన్న ఒత్తులు సొట్టపడతాయి.

రంగుకో పొరగా ట్రేస్ చేసే మల్టిపుల్ స్కాన్స్ రెండు మూడు రంగుల లోగోకి పరవాలేదు. స్టాక్ టిక్ ఉంటే రంగులు ఒకదాని కింద ఒకటి పరుచుకుంటాయి, ప్రింటుకు అదే మంచిది. తీసేస్తే రంగుల మధ్య వెంట్రుకవాసి తెల్లగీతలు కనబడతాయి.

ముగ్గుల దగ్గర నిరాశే మిగిలింది. మామూలు ట్రేస్‌లో ప్రతి గీతకూ రెండు అంచులు వస్తాయి, లేజర్ చెక్కుడు యంత్రం ఆ రెండింటినీ చెక్కుతుంది. సెంటర్‌లైన్ ట్రేసింగ్ ఒకే గీత ఇస్తుంది. కానీ మెలికల ముగ్గులో రెండు గీతలు దాటుకునే చోట, ఆ కూడలి ఒక్క బిందువుగా రాకుండా రెండుగా చీలి, మధ్యలో చిన్న వంతెన మిగులుతుంది. ఇరవై కూడళ్లుంటే ఇరవై చోట్లా దిద్దాలి. అంతకన్నా స్కాన్‌ను కింది పొరగా పెట్టి, చుక్కల దూరానికి గ్రిడ్ కట్టి, పెన్ టూల్‌తో ఒక పావు భాగం గీసి తిప్పి అతికించడం తొందరగా అవుతుంది. చుక్కల మధ్య దూరం ఎక్కడా తేడా రాదు, మెలిక కూడా తెగదు.