పిమ్స్‌లర్ ఈస్టర్న్ అరబిక్: రెండేళ్లు వాడాక

అరబిక్ రాయడం, చదవడం తర్వాత చూసుకుందాం, ముందు ఎదుటి మనిషితో నాలుగు మాటలు మాట్లాడాలి అనుకునేవాళ్లకు ఈ ఆడియో కోర్సు బాగా పనికొస్తుంది. అయితే కొనే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. మీరు మాట్లాడబోయేది ఏ దేశం వాళ్లతో?

నేను బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. మోకాలి మార్పిడికీ, వెన్ను ఆపరేషన్లకీ ఒమన్, యెమెన్, ఇరాక్, సూడాన్ నుంచి వచ్చినవాళ్లు మా వార్డులో ఎప్పుడూ ఉంటారు. ఇంటర్‌ప్రెటర్ ఉన్నారు గానీ అన్ని అంతస్తులకూ ఆయనే తిరగాలి. ఆపరేషన్ అయ్యాక పేషెంటును వీలైనంత త్వరగా మంచం దింపి నడిపించాలి. భయంతో బిగుసుకుపోయిన పెద్దావిడకి "మెల్లగా అమ్మా, నేను పట్టుకునే ఉన్నాను" అని చెప్పడానికి అరగంట ఎదురుచూస్తూ కూర్చోలేం. ఆ మాట నా నోటితోనే చెప్పాలనిపించి మొదలుపెట్టాను. ఇప్పటికి మూడు లెవెల్స్ పూర్తయ్యాయి.

ఒక్కో లెవెల్‌కి 30 పాఠాలు, ఒక్కో పాఠం అరగంట. రోజుకి ఒకటే చేయమంటారు, అదే మంచిది. పాల్ పిమ్స్‌లర్ అనే అమెరికన్ భాషా బోధకుడు 1967లో జ్ఞాపకశక్తి మీద ఒక పద్ధతి ప్రతిపాదించాడు. కొత్త మాటను 5 సెకన్లకి ఒకసారి, 25 సెకన్లకి ఒకసారి, తర్వాత 2 నిమిషాలకి, 10 నిమిషాలకి, ఇలా ఎడం పెంచుకుంటూ అడిగితే అది మనసులో నిలుస్తుందని. పాఠాలన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. మొన్నటి పాఠంలో విన్న మాటను మనం మరచిపోబోతున్న సమయానికి మళ్లీ అడుగుతారు. పొడుగు మాట వస్తే చివరి ముక్క ముందు పలికించి, వెనక నుంచి ముందుకు కూర్చుకుంటూ వస్తారు. నోరు తిరగని మాటలు కూడా అలా చేస్తే తిరుగుతాయి.

ప్రశ్న వినగానే పైకి జవాబు చెప్పాలి, మనసులో అనుకుంటే లాభం లేదు. అందుకే బస్సులో, క్యాబ్‌లో కుదరదు. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో పోయే సమయమంతా దీనికి వాడుకోవచ్చని చాలామంది అనుకుంటారు గానీ, పక్కన మనుషులుంటే నోరు పెగలదు. వంట చేస్తూ వింటే బుర్రకెక్కదు. నేను పొద్దున్నే మేడ మీదకి వెళ్లి చేస్తాను. మొదట్లో మా అత్తయ్య "ఎవరితోనమ్మా అంత పొద్దున్నే మాట్లాడుతున్నావు?" అని అడిగేవారు. తర్వాత్తర్వాత ఆవిడే నన్ను లేపి పంపేవారు.

మన తెలుగువాళ్లకు ముఖ్యంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. కోర్సు అంతా ఇంగ్లిష్‌లో నడుస్తుంది. ఇంగ్లిష్ వాక్యం వినిపించి, దాన్ని అరబిక్‌లో చెప్పమంటారు. ఆ ఇంగ్లిష్‌ని తెలుగులోకి తెచ్చుకుంటే పని సగం తేలికవుతుంది. "ఆవిడ డాక్టర్" అనడానికి మనకు మధ్యలో ఇంకో క్రియ అక్కర్లేదు, అరబిక్‌లోనూ అంతే, "హియ్యె దక్తోరా". "నా దగ్గర కారు ఉంది" అన్నట్టే వాళ్లూ "ఇందీ సయ్యారా" అంటారు. మొదటి మాటకి అర్థం నా దగ్గర అనే. కలిగి ఉండటానికి వేరే క్రియ వాళ్లకూ లేదు. హక్కు, జవాబు, తారీఖు, అసలు లాంటి మాటలు ఉర్దూ, పార్సీల మీదుగా మనకు అరబిక్ నుంచే వచ్చాయి. అవి పాఠంలో వినపడితే చుట్టాలు కనపడ్డట్టుంటుంది.

కష్టమూ ఉంది. మనం మగవాళ్లనైనా ఆడవాళ్లనైనా "కాలు ఎత్తండి" అంటాం. అరబిక్‌లో మగవాళ్లకైతే "ఇర్ఫా రిజ్లక్", ఆడవాళ్లకైతే "ఇర్ఫాయీ రిజ్లిక్". ఈ విషయంలో కోర్సు చాలా గట్టిగా సాధన చేయిస్తుంది. ఆమెను అడుగు, అతనికి చెప్పు అని పదే పదే మారుస్తూ అలవాటు చేస్తుంది. అంకెలు మాత్రం ఇప్పటికీ నన్ను ఆపుతాయి. ఇరవై అయిదుని వాళ్లు అయిదూ ఇరవై అంటారు. పేషెంటు వయసు చెప్పినప్పుడల్లా ఒక క్షణం ఆగి సరిచూసుకుంటాను.

గొంతు లోపలి నుంచి వచ్చే "అయిన్" అనే అక్షరం, బరువుగా పలికే "సాద్", "దాద్" లాంటివి మన అక్షరమాలలో లేవు. మనం పలికింది సరిగ్గా ఉందో లేదో ఆడియోలోని గొంతు చెప్పలేదు. నేను ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంటర్‌ప్రెటర్ సార్‌కి వినిపించేదాన్ని. ఆయన ఓపికకు చేతులెత్తి దండం పెట్టాలి. అలా వినేవాళ్లు ఒకరైనా దొరికితేనే ఉచ్చారణ బాగుపడుతుంది.

ఇక మొదట అడిగిన ప్రశ్న దగ్గరికి వస్తాను. ఈస్టర్న్ అరబిక్ అంటే సిరియా, లెబనాన్, జోర్డాన్, పాలస్తీనా వైపు మాట్లాడేది. ఈజిప్టు యాసకి వేరే కోర్సు ఉంది. వార్తలు చదివే, పుస్తకాలు రాసే ప్రామాణిక భాషకి ఇంకొకటి. ఇళ్లలో మాట్లాడుకునే భాష దేశదేశానికీ మారిపోతుంది. "ఇప్పుడు" అనే చిన్న మాట చూడండి. సిరియావాళ్లు "హల్లా" అంటారు, గల్ఫ్‌లో "అల్‌హీన్", ఇరాక్‌లో "హస్సా", ఈజిప్టులో "దిల్వతి". గుండెని ప్రామాణిక భాషలో "ఖల్బ్" అంటే, గల్ఫ్‌లో "గల్బ్" అని వినపడుతుంది, నా కోర్సు యాసలోనైతే మొదటి హల్లు గొంతులోనే ఆగిపోయి "అల్బ్" అవుతుంది. "ఉంది" అనడానికి నేను "ఫీ" నేర్చుకున్నాను, ఇరాకీలు "అకూ" అంటారు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లొచ్చినవాళ్లను అడగండి, లేదు అనడానికి వాళ్ల నోట వచ్చేదీ "మాకూ" అనే.

నేను మాట్లాడేది పేషెంట్లకు అర్థమవుతుంది. సిరియా, ఈజిప్టు సీరియళ్లు అన్ని అరబ్ దేశాల్లోనూ చూస్తారు కాబట్టి ఆ యాసలు వాళ్లకు చెవిన పడ్డవే. వాళ్లు మాట్లాడేది నాకు అర్థం కావడానికే చాలా కాలం పట్టింది. యెమెన్ పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్ల మాటైతే ఇప్పటికీ సగమే అందుతుంది. గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్లబోయేవాళ్లు, అక్కడివాళ్లతో రోజూ పనిపడేవాళ్లు గల్ఫ్ యాసలోనే ఏదైనా దొరుకుతుందేమో ముందు వెతుక్కోండి. సౌదీ పడమటి వైపు హిజాజీ యాస కావాలంటే అమెరికా ప్రభుత్వ ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన పాత కోర్సు ఒకటి ఉచితంగా దొరుకుతుంది. పాతకాలం పద్ధతి, కానీ సరుకున్న కోర్సు.

కోర్సులో ఉండేవి ఎక్కువగా ప్రయాణికుడి మాటలు. దారి అడగడం, తినడం, తాగడం, డబ్బు, కుటుంబం. నాకు కావాల్సిన మోకాలు, నడుము, తిమ్మిరి, వాపు నేనే పోగుచేసుకున్నాను. "ఫీ వజా?" అంటే నొప్పి ఉందా అని. "ష్వయ్ ష్వయ్" అంటే మెల్లమెల్లగా. ఈ రెండూ నేను రోజంతా వాడతాను. పెద్దావిడని "హజ్జా" అని పిలిస్తే ఆ బిగుసుకున్న చెయ్యి కాస్త వదులవుతుంది, మనం పెద్దమ్మా అంటే అయినట్టే.

ఒక హద్దు మాత్రం దాటను. ఆపరేషన్ వివరాలు, సంతకం పెట్టాల్సిన కాగితాలు, మందుల మోతాదు వచ్చినప్పుడు ఎంత ఆలస్యమైనా ఇంటర్‌ప్రెటర్ సార్ రావాల్సిందే. అక్కడ ఒక్క మాట తప్పినా ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, టెక్నీషియన్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఈ విషయంలో మొహమాటపడకండి.

డబ్బు సంగతి. యాప్‌లో నెల చందా పద్ధతి ఉంది, మన జీతాలకి అదేమీ తక్కువ కాదు. మధ్యలో మానేస్తే ఆ డబ్బు దండగే, కాబట్టి రోజూ అరగంట నిజంగా దొరికే నెలల్లోనే కట్టండి. మొదటి పాఠం ఊరికే వినొచ్చు. అది విని, పైకి జవాబు చెప్పడానికి మీ ఇంట్లో చోటు, సమయం కుదురుతాయో లేదో చూసుకున్నాకే కార్డు నంబరు ఇవ్వండి.