మనవరాలి దగ్గరికా, బత్తాయి తోట దగ్గరేనా: ఏది మేలు?

మా కోడలికి కాన్పు సెలవు 26 వారాలు. చట్టం ఇచ్చేది అంతే. కాన్పుకు రెండు వారాల ముందు సెలవు పెట్టింది, కార్తీకంలో పాప పుట్టింది, లెక్క వేస్తే ఏప్రిల్ ఆఖరుకు మళ్లీ ఆఫీసుకు పోవాలి. తొలి కాన్పు కాబట్టి జడ్చర్లలో తల్లిగారింట్లో అయింది. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసినప్పుడు మేము చుట్టాల్లాగా పోయి, తిని, వచ్చాం. ఐదో నెలలో పిల్లను తీసుకుని మియాపూర్‌లోని అద్దె ఇంటికి చేరాక, మా ఇంటామెకు ఫోన్ చేసి "అత్తమ్మా, మే నెల నుంచి ఎట్లా మరి?" అని అడిగింది.

మే అనగానే ఆమెకు మనవరాలు గుర్తొచ్చింది, నాకు తోట గుర్తొచ్చింది. తాతనయ్యానన్న సంతోషం లేక కాదు. నల్గొండ జిల్లా కనగల్ వైపు మాకు ఆరెకరాలు. నాలుగెకరాల్లో బత్తాయి, రెండెకరాల్లో వరి. జనవరి, ఫిబ్రవరిలో నిలిచిన పూత ఆగస్టు నుంచి కోతకు వస్తుంది. మేలో కాయ ఇంకా చిన్నగా ఉంటుంది, ఎండ 45 డిగ్రీలకు పోతుంది. ఆ నెలలో రెండు తడులు తప్పితే పొద్దున లేచి చూసేసరికి రాలిన కాయ చెట్టు కింద పచ్చగా పరుచుకుని ఉంటుంది. సరిగ్గా ఆ నెలలోనే పాపకు మనిషి కావాలి.

అప్పటి నుంచి మా ఇంట్లో నడిచిన లెక్కలు ఇవి. మా వయసు వాళ్లు ఈ చుట్టుపక్కల చాలామంది ఇదే టెన్షన్‌లో ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

మొదట అందరూ చెప్పింది, మొత్తం అమ్మేసి రమ్మని. ఇక్కడి ఆరెకరాలు అమ్మి ఇబ్రహీంపట్నం, యాచారం వైపు కొంచెం భూమి, చిన్న ఇల్లు చూసుకుంటే పిల్లలకు దగ్గరగా ఉంటాం, వ్యవసాయమూ పోదు అని. వినడానికి బాగుంది. నేనూ రెండు ఆదివారాలు తిరిగి చూశాను. ఇక్కడ ఎకరాల్లో అమ్మితే అక్కడ గుంటల్లో వస్తుంది. కొన్నదాని మీద స్టాంపు, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం మళ్లీ మనమే కట్టాలి. అమ్మేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఊరి వ్యవసాయ భూమికి అమ్మకం లాభం మీద పన్ను ఉండదు గానీ, పట్టణానికి దగ్గరైతే ఉంటుంది. నల్గొండలాగా లక్ష జనాభా దాటిన పట్టణమైతే మున్సిపాలిటీ హద్దు నుంచి 6 కిలోమీటర్ల అవతల ఉండాలి, అదీ రోడ్డు దూరం కాదు, పిట్ట ఎగిరే దూరం. పన్ను పడే భూమి అయితే రెండేళ్లలోపు మళ్లీ వ్యవసాయ భూమి కొంటే మినహాయింపు దొరుకుతుంది. మాది దూరమే, ఆ బాధ లేదు. అయినా నాకు మనసొప్పలేదు. బత్తాయి మొక్క పెడితే కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది. మా చెట్లకు పద్నాలుగేళ్లు, ఇప్పుడే కదా కాసే వయసు. కొత్త చోట మొక్క పెట్టి అది కాసేనాటికి పాప బడికి పోతూ ఉంటుంది.

రెండోది, భూమి ఉంచి మనుషులం పోవడం. వరి కౌలుకు, తోట గుత్తకు. మా అబ్బాయి గట్టిగా అడిగింది ఇదే. "నాయినా, ఎన్నేళ్లు చేస్తవ్, ఇద్దరూ వచ్చేయండి" అన్నాడు. వరి సంగతి పెద్ద సమస్య కాదు. రైతు భరోసా పట్టాదారు ఖాతాలోనే పడుతుంది, ఏడాదికి ఎకరానికి 12 వేలు. కౌలు చేసేవాడు ఆ పైసల్లో వాటా అడుగుతాడు, అడగడం న్యాయమే. ముందే మాట్లాడుకుంటే గొడవ ఉండదు.

తోట మాత్రం వేరు. గుత్తదారు వచ్చి చెట్టు మీద కాయ చూసి గంపగుత్తగా ఒక మాట చెబుతాడు. ఆ తర్వాత కాయ రాలినా, ధర పెరిగినా అతనిదే. కాయ అతనిది, చెట్టు మనది. ఇక్కడే చిక్కు. ఎండు పుల్లలు కత్తిరించడు, ఎందుకంటే ఆ ఫలితం వచ్చే ఏడాదికి గానీ కనిపించదు. పశువుల ఎరువు తోలడు. కాయ కోసుకున్నాక చెట్లను కొన్ని వారాలు నీళ్లు ఆపి బెట్టకు ఉంచి, ఆకు వాడినప్పుడు నీళ్లు వదలాలి, అప్పుడే పూత ఒక్కసారిగా విరుస్తుంది. ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు వదలాలి అన్నది చెట్టును చూసి చెప్పాల్సిన మాట. మా ఊళ్లో ఒకాయన ఇట్లాగే గుత్తకు ఇచ్చి మూడేళ్లు బిడ్డ దగ్గర ఉండి వచ్చాడు. తోటలో సగం చెట్లు పైనుంచి ఎండుకుంటూ వస్తున్నాయి. గుత్తదారును ఏమనడానికీ లేదు, ఒప్పుకున్న పైసలు ఒప్పుకున్నట్టు ఇచ్చాడు.

మోటరుకు మొబైల్ స్టార్టర్ పెట్టుకో, హైదరాబాద్ నుంచే నడుపుకోవచ్చని కుర్రవాళ్లు చెప్పారు. పెట్టించాను, మంచిదే. ఉచిత కరెంటు 24 గంటలు ఉంది, ఫోన్ నొక్కితే మోటరు ఆడుతుంది. కానీ ఉడతలు కొరికిన డ్రిప్పు పైపు ఫోన్‌లో కనిపించదు. ఒక వరుసలో నీళ్లు మడుగు కట్టి, పక్క వరుస ఎండుతూ ఉంటుంది. కోతుల సంగతి సరేసరి.

మధ్యలో ఎక్కడైనా ఉంటే అన్న ఆలోచన కూడా వచ్చింది. చౌటుప్పల్ అటూ ఇటూ కాకుండా సరిగ్గా నడుమ ఉంటుంది, అద్దెలు తక్కువ, జాతీయ రహదారి మీదే. నాకు ఇది అన్నిటికంటే పనికిరాని దారి అనిపించింది. రెండు వైపులా యాభై కిలోమీటర్ల పైనే అంటే, పాప ఏడ్చినా వినపడదు, మోటరు ఆగినా తెలియదు. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర బండ్లు చూసేందుకైతే బాగుంటుంది.

పాపనే ఊరికి తెచ్చుకుందామని మా అమ్మ అంది. ఆమె కాలంలో అట్లాగే పెంచారు, నన్ను మా అమ్మమ్మ పెంచింది. తల్లి పాలు తాగే పిల్లను తల్లికి దూరం చేయడం నాకు నచ్చలేదు, కోడలిని ఆ మాట అడగడానికి నోరు రాలేదు. పండుగకు పది రోజులు తెచ్చుకోవడం వేరు. అట్లా తెచ్చుకునేవాళ్లకు ఒక మాట: మా వైపు బోరు నీళ్లు పిల్లలకు పట్టొద్దు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటకూడదంటారు, మా వైపు చాలా బోర్లు ఆ గీత ఎప్పుడో దాటాయి. పళ్లు తయారయ్యే చిన్న వయసులోనే ఆ గార పడుతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ పద్ధతి అని. గొప్పగా చెప్పుకునే పేరు కాదు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నాయి, పాలపొడి కలిపినా, గంజి కాచినా ఆ నీళ్లే వాడాలి.

ఇవన్నీ మాట్లాడుతుండగానే ఏప్రిల్ అయిపోయింది. కాబట్టి ఎవరూ నిర్ణయించకుండానే అమలైంది ఐదో దారి: ఆమె అక్కడ, నేను ఇక్కడ. ఊళ్లలో ఎక్కువ మంది చేస్తున్నదీ ఇదే. మాకిప్పుడు మూడో నెల నడుస్తోంది, కాబట్టి దీని గురించి నేను ధైర్యంగా చెప్పగలను.

మొదటి రోజే బర్రె నాకు చేపలేదు, అంటే పాలు దించలేదు. ఐదేళ్లుగా ఆమె చేతికి అలవాటు పడ్డది. దూడను వదిలాను, దాణా పెట్టాను, బతిమాలాను, చివరికి మా ఇంటామె పాత చీర కప్పుకుని కూర్చున్నాను. అది ఒక్కసారి తలతిప్పి చూసి, పాలు పైకి పట్టేసుకుంది. మా తమ్ముడు ఈ ముచ్చట ఊరంతా చెప్పాడు. వంట సంగతి రాయను. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసిన రోజులున్నాయి, అసలు వెయ్యని రోజులున్నాయి.

ఆమె కష్టం నాకంటే ఎక్కువ, అది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. నాలుగో అంతస్తు. పొద్దున తొమ్మిదింటికి వాళ్లిద్దరూ పోతే రాత్రి ఏడు దాకా పాప, ఈమె. ఊళ్లో పిల్లను ఎత్తుకోవడానికి పది చేతులుంటాయి, అక్కడ ఈమె రెండు చేతులే. మోకాళ్ల నొప్పి వల్ల కింద కూర్చుని లేవలేదు. ఊదు పొగ వేస్తానంటే పొగ వద్దని డాక్టర్ చెప్పిందని కోడలు అంది, దాని మీద మూడు రోజులు ఇద్దరూ ముభావంగా ఉన్నారు. డాక్టర్ చెప్పిందే సరైనదని నేను ఫోన్‌లో అన్నాను. ఆ తర్వాత రెండు రోజులు నాతో కూడా మాట్లాడలేదు.

ఖర్చు విషయంలో ఈ దారి తేలిక. ఆమెకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్, 2023 డిసెంబర్ నుంచి. నేను టికెట్ కొనుక్కుంటాను, పక్క సీట్లో ఆమె నవ్వుతుంది. అసలు ఖర్చు టైం. ఊరి నుంచి నల్గొండ, అక్కడి నుంచి ఎల్బీనగర్, మళ్లీ మెట్రోలో ఈ కొస నుంచి ఆ కొసకు మియాపూర్. తెల్లవారుజామున బయలుదేరితే భోజనం వేళకు చేరతాను. చేరాక పాప నన్ను చూసి ఏడుస్తుంది. ఫోన్‌లో కనిపించే తాతకు, ఎదురుగా నిలబడ్డ ఈ మనిషికి పొంతన కుదరదు. మూడో రోజుకు చేరువవుతుంది, నాలుగో రోజు నేను బస్సెక్కాలి.

ఈ ప్రయాణాల్లోనే నాకు ఒకటి తట్టింది. మేము కదలాలా వద్దా అని నెలల తరబడి కొట్లాడుకున్నాం గానీ, వాళ్లు కదలొచ్చు కదా అని ఎవరమూ అనుకోలేదు. వాళ్లది ఎట్లాగూ అద్దె ఇల్లే. వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు వస్తే నాకు హైదరాబాద్ అంతా దాటే బాధ తప్పుతుంది, మూడు గంటల్లో ఇంట్లో ఉంటాను. అబ్బాయి ఆఫీసు రాయదుర్గంలో, వారానికి మూడు రోజులే పోవాలి. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే సరిపోతుంది. ఇప్పటికంటే అతనికి ప్రయాణం పెరుగుతుంది, అది ఒప్పుకోవాలి. కోడలు మాత్రం ఒక్క షరతు పెట్టింది: లిఫ్ట్ ఉండాలి, లేదా కింది పోర్షన్ కావాలి, అత్తమ్మ మోకాళ్లు చూడండి అని. ఊదు గొడవ జరిగిన రెండు వారాలకే ఆ మాట అంది.

నా లెక్క ఇది. పాపకు పూర్తికాలం మనిషి కావాల్సింది మూడేళ్లు, నర్సరీకి పోయేదాకా. మూడేళ్ల అవసరానికి, తిరిగి రాని పని చేయకూడదు. అమ్మకం తిరిగిరాదు. పాడైన తోట కూడా దాదాపు అంతే. అద్దె ఇల్లు మారడం, వరి పాలుకు (పంటలో వాటాకు) ఇవ్వడం, బర్రెను వదులుకోవడం ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అందుకని ఈ వానాకాలం నుంచి రెండెకరాల వరి తమ్మునికి పాలుకు ఇచ్చాను, తోట నా చేతిలోనే ఉంచుకున్నాను. కాయ దిగి దసరా వెళ్లాక వాళ్లు ఇల్లు మారతారు. ఆ తర్వాత నెలలో సగం అక్కడ, సగం ఇక్కడ ఉంటాను. బెట్టకు ఉంచే రోజుల్లో తోటలో పని తక్కువ, అప్పుడు ఎక్కువ రోజులు ఉంటాను. నీళ్లు వదిలేనాటికి మాత్రం ఊళ్లో ఉండాలి, అందులో బేరం లేదు.

ఇంట్లో ఒక్కడే కొడుకు ఉండి, తోట లేకుండా వరి మాత్రమే ఉన్నవాళ్లయితే నేను కౌలుకిచ్చి ఇద్దరినీ పొమ్మనే అంటాను. వరికి మనిషి ఏడాది పొడుగునా అక్కర్లేదు. ఇద్దరిలో ఒకరికి గుండె జబ్బో, డయాలసిస్సో ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టాలి.

మా ఇంటామె ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. నేను సగం నెల తోటలో ఉంటే వంట ఎవరు చేస్తారని ఆమె ప్రశ్న, నా దగ్గర జవాబు లేదు. బర్రెను పోయిన వారం తమ్ముని ఇంటికి తోలాను. వాళ్ల ఆవిడకు రెండో పూటకే చేపిందట.