సమాధులంటే పడని లారా క్రాఫ్ట్: మూడు టూంబ్ రైడర్లూ మళ్లీ మళ్లీ ఆడాక

టూంబ్ రైడర్ వీడియో గేముల్లో లారా క్రాఫ్ట్ పనే పాత సమాధుల్లోకి దూరి పురాతన వస్తువులు వెతకడం. 2013 టూంబ్ రైడర్‌లో మాత్రం ఒకచోట తనకు సమాధులంటే అసహ్యమని గొణుక్కుంటుంది. మొదటిసారి విన్నప్పుడు జోక్ అనుకుని నవ్వాను. దాని తర్వాతి భాగాలైన 2015 నాటి రైజ్, 2018 నాటి షాడో కూడా పూర్తిచేసి, మూడూ వరసపెట్టి మళ్లీ ఆడాక అది జోక్‌లా అనిపించడం మానేసింది. ఈ కొత్త లారాకు తన పని నిజంగానే ఇష్టం లేదు.

1996లో కోర్ డిజైన్ వాళ్లు చేసిన లారాను గుర్తుతెచ్చుకోండి. నాట్లా అనే ఆవిడ ఒక పురాతన వస్తువు తెచ్చిపెట్టమని డబ్బు ఆశ చూపిస్తే, తాను సరదా కోసమే ఇలాంటివి చేస్తానని మొహం మీదే చెప్పేస్తుంది. లారా పాత కథలో పెద్దింటి జీవితం వదిలేసి సాహసాలకు దిగినందుకు ఇంట్లోవాళ్లు తనను కాదన్నారు. అయినా ఆ బాధను పట్టుకుని కూర్చోదు. ఆట మొత్తంలో మాట్లాడేదే తక్కువ. తప్పు తాళంచెవి పెడితే ‘నో’ అంటుంది, అంతే. ఏమైనా దొరికితే ‘ఆహా’ అంటుంది. రెండో భాగంలో లారా ఇంటి బట్లర్‌ని కిచెన్‌లోని ఫ్రీజర్ గదిలోకి రప్పించి తలుపేసేయడం మాలాంటివాళ్లకు కథకంటే ముఖ్యమైన మిషన్. 1998లో వచ్చిన మూడో భాగమైతే మన దేశపు అడవిలోనే మొదలవుతుంది. అక్కడ కోతులు మన మెడిప్యాక్ (గాయాలు మాన్పే మందుల పెట్టె) ఎత్తుకుపోతాయి. ఇంటర్నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బులు కట్టి ఆడుతూ కోతి వెనక పరిగెత్తినవాళ్లకు ఆ కోపం ఇంకా గుర్తుండే ఉంటుంది.

ఇక క్రిస్టల్ డైనమిక్స్ వాళ్ల 2013 లారా. యమతాయ్ దీవి దగ్గర ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. కాసేపటికే ఇనుప చువ్వ ఒకటి పక్కటెముకల కింద దిగబడుతుంది. అక్కడినుంచి పడటం, లేవడం, మూలగడం. ఆకలికి జింకను కొట్టినప్పుడు దానికి సారీ చెబుతుంది. ఇది బాగుంది. తొలిసారి మనిషిని చంపాల్సి వచ్చినప్పుడు చేతులు వణుకుతాయి. ఆ సీన్ ఇంకా బాగుంది, కెమిల్లా లడింగ్టన్ గొంతు దాన్ని నిలబెట్టింది. గొడవంతా ఆ తర్వాతే. కాసేపటికే మనం వరసగా తలలు గురిచూసి కొడుతుంటాం, కొట్టినప్పుడల్లా తెరమీద హెడ్‌షాట్ అని పాయింట్లు పడుతుంటాయి. చంపడం ఇంత తేలికగా ఉందేమిటా అని భయమేసిందని తన గురువులాంటి రాత్‌తో లారా చేత ఒక్క మాట అనిపించి, రచయితలు చేతులు దులుపుకున్నారు. కట్‌సీన్‌లో, అంటే మనం ఆడకుండా సినిమాలా చూసే చోట, ఏడ్చే అమ్మాయి ఒకరు, కంట్రోలర్ మన చేతికొచ్చాక పదుల మందిని పడగొట్టే మనిషి ఇంకొకరు. మూడు భాగాల్లోనూ ఈ ఇద్దరికీ అతుకు పడలేదు.

అసలు ఉద్దేశమే అక్కడ తేడాగా ఉంది. 2012లో గేమ్ ఇంకా రాకముందే నిర్మాతల్లో ఒకరు ఇంటర్వ్యూలో, ఆడేవాళ్లకు ఈ లారాను కాపాడాలనిపిస్తుందని చెప్పారు. అప్పట్లోనే దానిమీద పెద్ద రగడ అయింది. పాత గేముల్లో మనం లారా అయిపోవాలనుకున్నాం. ఇప్పుడేమో పరీక్ష హాలు బయట కూతురి కోసం నిలబడ్డ నాన్నలా టెన్షన్ పడాలట.

నాన్న అంటే గుర్తొచ్చింది. రైజ్‌లో సైబీరియా మంచులో కితేజ్ నగరం కోసం వెతుకులాట. ఆడటానికి మూడింటిలో ఇదే బెస్ట్, విల్లు పట్టుకుని చెట్టెక్కి కాచుకునే పద్ధతి ఎన్నిసార్లయినా విసుగు రాదు. కానీ ఆమె వెళ్లేది ఆ నగరం ఎలా ఉందో చూడాలని కాదు, చనిపోయిన నాన్న చెప్పింది నిజమని నిరూపించడానికి. న్యాయంగా చెప్పాలంటే ఈ అమ్మానాన్నల గోల 2006 నాటి లెజెండ్‌లోనే మొదలైంది. అందులో అమ్మ జాడ కోసం తిరుగుతుంది. అయినా ఆ లారా దారిలో జోకులేస్తుంది, ఎత్తునుంచి దూకితే మొహంలో సంతోషం తెలుస్తుంది. రైజ్‌కి తర్వాత కలిపిన బ్లడ్ టైస్ అనే అదనపు భాగంలో క్రాఫ్ట్ బంగ్లా మళ్లీ వస్తుందంటే ఎగిరి గంతేశాను. తీరా చూస్తే దుమ్ము, పాత ఉత్తరాలు, ఇంటి మీద మేనమామ వేసిన పేచీ. ఫ్రీజర్‌లో పెట్టడానికి బట్లర్ కూడా లేడు.

షాడోలో కోజుమెల్ దగ్గర లారా ఒక కత్తి తీయగానే ఉప్పెన వచ్చి ఊరు మునిగిపోతుంది. తప్పు తనదేనని కుమిలిపోతుంటే, లోకమంతా నీ చుట్టూ తిరగదని ఆమె స్నేహితుడు జోనా గట్టిగా మందలిస్తాడు. సిరీస్ మొత్తంలో నాకు నచ్చిన సంభాషణ అదే, ఎందుకంటే నేను అరవాలనుకున్నది అతను అరిచాడు. తర్వాత చమురు శుద్ధి కేంద్రం దగ్గర, జోనా చనిపోయాడనుకుని, మంటల వెలుగులో నీళ్లలోంచి పైకి లేచే లారా ఉంది చూడండి, ఒళ్లు జలదరిస్తుంది. కానీ అది కోపంతో కొట్టే లారా. సరదాగా తిరిగే లారా అందులోనూ లేదు. చివర్లో ఆ సరదా మళ్లీ చిగురిస్తుందన్నట్టు కొంచెం చూపించారు. గేమ్ విడుదలైనప్పుడు ముగింపులో మొదటి గేమ్‌లోని నాట్లా నుంచి వచ్చిన ఉత్తరం కూడా బల్లమీద కనిపించేది. పాత అభిమానులు సంబరపడేలోపు అప్‌డేట్‌తో దాన్ని తీసేశారు.

కొనేవాళ్లకు నా సలహా ఏమిటంటే, మూడూ కలిపి డిస్కౌంట్‌లో తరచూ దొరుకుతాయి, ఆ ధరకు తీసుకోవచ్చు. పాత ల్యాప్‌టాప్ అయితే 2013 గేమ్‌లో ట్రెస్‌ఎఫ్‌ఎక్స్ అనే జుట్టు సెట్టింగ్ ఆపేయండి, జుట్టు అందంగా ఎగురుతుంది గానీ ఆట నత్తనడక నడుస్తుంది. షాడోలో మాత్రం ఒక పని తప్పకుండా చేయండి. అందులో పోరాటం, అన్వేషణ, పజిల్స్‌కి కష్టం విడివిడిగా పెట్టుకోవచ్చు. అన్వేషణను కష్టంలో పెడితే ఎక్కాల్సిన అంచులమీద తెల్లరంగు పోతుంది, దారి మనమే వెతుక్కోవాలి. సమాధులు మూడింటిలోకీ ఇందులోనే గొప్పగా ఉన్నాయి. ఒకటి రెండు గంటలు ఆమె నోరు తెరవకుండా గోడలు పట్టుకుని పాకుతుంటే పాత లారానే అనిపిస్తుంది. అదీ వద్దనుకుంటే 2024లో మొదటి మూడు గేములనూ రీమాస్టర్ చేసి వదిలారు, కోతులు అందులో ఉన్నాయి.