కాగితాలకు వెళ్ళండి, అద్దె లెక్క మాత్రం ఇంట్లో వేసుకోండి

మాది నెల్లూరు వేదాయపాళెం. ముప్పై అంకణాల స్థలంలో సొంత ఇల్లు, పోయినేడాది లోన్ తీరిపోయింది. ఆ ఈఎంఐ డబ్బులు మిగులుతున్నాయి కదా, ఒక ఫ్లాట్ కొని అద్దెకిద్దామని మినీ బైపాస్ మీదున్న ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసుకి వెళ్ళాను. పొగడ్త, తిట్టు రెండూ ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. కాగితాలు చూసిపెట్టడానికి 5 వేలు, కొంటే ధరలో ఒక శాతం. నేను ఆ 5 వేలే కట్టాను.

కాగితాల పనిలో వంక పెట్టడానికి లేదు. మూడు ఫ్లాట్లు చూపించారు. నాకు బాగా నచ్చిన దాన్ని ఆఫీసు అబ్బాయే వద్దన్నాడు. "మేడమ్, ఈ పై అంతస్తు ప్లాన్‌లో లేదు" అని అప్రూవ్డ్ ప్లాన్ ముందు పెట్టి చూపించాడు. అమ్ముడుపోతే కమిషన్ వాళ్ళకే కదా, అయినా చెప్పాడు. రెండోదానికి 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీసి, లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు, ఒక్కొక్కటీ చదివి, అన్నదమ్ముల భాగపరిష్కారంలో ఆడపడుచు సంతకం లేదని పట్టుకున్నాడు. నేనైతే ఆ వంద పేజీల్లో దాన్ని చూసేదాన్నే కాదు.

మూడోది 48 లక్షలు. కాగితాలు శుభ్రం. అద్దె 12 వేలు పక్కా అన్నారు, "అద్దే మీ ఈఎంఐ కట్టేస్తుంది మేడమ్" అన్నారు. ఇక్కడే చిక్కు.

ఇంటికొచ్చి పిల్లాడి లెక్కల నోట్సు వెనక పేజీలో రాశాను. ఏడాది అద్దె లక్షా 44 వేలు, అంటే పెట్టిన ధర మీద సరిగ్గా 3 శాతం. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం లెక్కన 3 లక్షల 60 వేలు, అది బ్యాంకు లోన్‌లో రాదు, చేతినుంచే. లోన్ 35 లక్షలు తీసుకుంటే 20 ఏళ్లకు ఈఎంఐ 30 వేల పైచిలుకు. అద్దె పోను నెలకు 18 వేలు నా జీతంలోంచే. ఫ్లాట్ ఖాళీగా ఉన్న నెలల్లో మెయింటెనెన్స్ కూడా మనమే కట్టాలి. ఆ ముక్క ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు.

ట్యాక్స్ సంగతి ఇంకా ఘోరం. వడ్డీ మొత్తం జీతంలో తగ్గించుకోవచ్చన్నారు. నేను టీచర్‌ని, కొత్త పన్ను విధానంలో ఉన్నాను. అందులో అద్దె మీద 30 శాతం తగ్గింపు ఉంది, వడ్డీని అద్దెలోంచి తీసేసుకోవచ్చు, కానీ అద్దెను మించిన వడ్డీని జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు. పాత విధానంలోనైనా జీతంలో తగ్గేది ఏడాదికి 2 లక్షల వరకే. మా స్టాఫ్‌రూమ్‌లో రిటర్నులు వేసే సారుని అడిగితే టీ తాగేలోపు చెప్పాడు. డబ్బులు తీసుకుని సలహా ఇచ్చేవాళ్ళకి ఇది తెలియకపోతే ఎట్లా?

మా అత్తమ్మ ఆ నోట్సు చూసి, "ఏందమ్మా, మన మిద్దె మీద ఖాళీగా ఎండుతుంటే వేరే చోట కొనేదేంది?" అంది. మొదట నవ్వాను. తర్వాత మేస్త్రీని అడిగితే, పైన రెండు బెడ్‌రూముల పోర్షన్ వేస్తే 20 లక్షల్లో అవుతుందన్నాడు. స్థలం కొనే పని లేదు, రిజిస్ట్రేషన్ లేదు. మా వీధిలో అలాంటి పోర్షన్లు 10 వేలకు పోతున్నాయి. లెక్క వేస్తే 6 శాతం. కాకపోతే అద్దెకున్నవాళ్ళు నెత్తిమీదే ఉంటారు, మోటారు నీళ్ళ గొడవలు, బండ్లు పెట్టే గొడవలు. ఆ టెన్షన్‌కి మా ఆయన ఇంకా సిద్ధంగా లేడు.

మళ్ళీ అదే ఆఫీసుకి వెళ్ళాను, మా ఇంటి పాత ప్లాన్‌లో పై అంతస్తుకు అనుమతి ఉందో లేదో చూడమని. ఆ అబ్బాయి వెయ్యి రూపాయలు తీసుకుని, మాకున్నది కింద ఇంటికే, పైన కట్టాలంటే కార్పొరేషన్‌లో కొత్తగా ప్లాన్ పెట్టాలని రెండు రోజుల్లో తేల్చాడు. ఫ్లాట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

అయిదుకి మూడు స్టార్లు. ఆదివారం ఇంజినీరు వచ్చి పిల్లర్లు చూస్తానన్నాడు.